దేవుడి డబ్బాలో ఇసుక

నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి గానీ దీనమ్మ కుచ్చిళ్ళు తడవడం లేదు, ఇదేం చిత్రమని అడగాలన్న ఆలోచన కూడా ఆమెకు రావడం లేదు, ఎందుకంటే ఆమె చూపంతా ఎదురుగా ఉన్న పంపు షెడ్డు మీద, ఆ షెడ్డు పైకప్పు పలక మీద కాళ్ళు బారజాపుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని, బియ్యంలో రాళ్ళేరుతున్న మనిషి మీద ఉంది. ఆ మనిషి ఆమె అత్త సువార్తమ్మ. పోయి పద్నాలుగేళ్ళయింది. దీనమ్మే స్నానం చేయించింది, దీనమ్మే తెల్లచీర కట్టింది, పెట్టె మీద గుప్పెడు మట్టి కూడా వేసింది. అయినా ఆమె అక్కడ కూర్చుని ఉండడం వింతగా అనిపించడం లేదు. ఇంటి దగ్గర అంత పని పెట్టుకుని ముసలిది ఇక్కడొచ్చి కూర్చుందేంటని కాస్త చిరాకు మాత్రం వేస్తోంది.

"వచ్చావా" అంటుంది సువార్తమ్మ తలెత్తకుండా. "కాళ్ళు దులుపుకుని ఎక్కు. బియ్యంలో ఇసుక పడుద్ది."

ఇసుక అన్న మాటకి దీనమ్మ ఎక్కబోయిన కాలు ఎక్కకుండానే ఆగిపోతుంది.

ఆమె వచ్చింది ఒక్క మాట అడగడానికే. మొన్న పొద్దున గోదారి మూడో ప్రమాద హెచ్చరిక దాటిందని మైకులో చెప్పి, ఏటి మధ్య లంకలో జనాన్నంతా పడవలెక్కించి గట్టవతల హైస్కూలుకి చేర్చారు. దీనమ్మ ఎక్కింది, కూతురు సలోమి ఎక్కింది, ఏసోబు ఎక్కలేదు. చూడి గేదె ఇవాళో రేపో ఈనేటట్టుంది, దాన్ని మెరక మీదికి తోలి తర్వాతి పడవకి వచ్చేస్తానని చెప్పి వాళ్ళిద్దర్నీ పంపించేశాడు. తర్వాతి పడవ వెళ్ళేసరికి అక్కడ మెరకే కనబడలేదు. రెండు రోజులయింది. పడవలు పోతున్నాయి, వస్తున్నాయి, ఏసోబు జాడ మాత్రం లేదు. ఏసోబు దీనమ్మకి మొగుడు, పలక మీద కూర్చున్న ఈవిడకి ఒక్కగానొక్క కొడుకు. అందుకే అడగాల్సిన మాట నోటి దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. నీ కొడుకు నీ దగ్గరికి వచ్చేశాడా అని చచ్చిపోయిన తల్లిని ఏ నోటితో అడగాలి?

మెట్లెక్కుతుంటే అవి పంపు షెడ్డు మెట్లు కావు, హైస్కూలు మెట్లు, పైకి వెళ్ళాక అది పలకా కాదు, తరగతి గది, నల్లబల్ల మీద హాజరు అరవై రెండు అని సుద్దముక్కతో రాసి ఉంది, అయినా నాలుగు వైపులా గోడల బదులు ఎర్రటి నీళ్ళే ఉన్నాయి, ఆ నీళ్ళలో అరటి బోదెలూ, ఎవరిదో మంచం కోడూ, చెప్పుల జతా నింపాదిగా తేలిపోతున్నాయి. సువార్తమ్మ పక్కనే మూడేళ్ళ పిల్ల ముడుచుకుని పడుకుని ఉంది. అది సలోమి. సలోమికి ఇరవైతొమ్మిదేళ్ళని దీనమ్మకి తెలుసు, ఇదీ సలోమేనని కూడా తెలుసు, రెండూ ఒకదానికొకటి అడ్డం రావడం లేదు. పిల్ల అవతలి పక్కన డబ్బా ఉంది. మూతకి తాడు కట్టిన రేకు డబ్బా. దీనమ్మ దాన్ని చూడకుండా ఉండాలని తల తిప్పుకుంటే, తిప్పుకున్న వైపుకే డబ్బా వచ్చి కూర్చుంటోంది.

అది దేవుడి డబ్బా. వాళ్ళ లంకలో ఏ ఇంట్లోనైనా వండే ముందు, బియ్యం కడగడానికి నీళ్ళు పోయక ముందే, ఒక గుప్పెడు తీసి దేవుడికని పక్కన ఉట్టిలోనో ముంతలోనో వేసుకుంటారు. ఇంట్లో శేరు బియ్యం ఉన్నా గుప్పెడే, సోలెడు ఉన్నా గుప్పెడే. శనివారం శనివారం ఆ గుప్పెళ్ళన్నీ ఇంటింటికీ తిరిగి డబ్బాలో పోయించుకొచ్చేది సువార్తమ్మ. పొయ్యి రాజుకోని ఇళ్ళకి ఆ బియ్యమే వెళ్ళేది. పందొమ్మిదేళ్ళు ఆ డబ్బా వాళ్ళింట్లో, దేవుడి సొత్తుగా, ఎత్తున ఉండేది. ఎలకలు ముట్టకుండా ముసలిది దాని కింద మంచమేసుకుని పడుకునేది, ఎవరూ చూడనప్పుడు చుట్ట ముట్టించుకుని, ఎవరైనా వస్తే ఆ చుట్టని అదే మంచం కింద ఆర్పేసేది.

వెనకటి వరదకి కొంపముంచింది ఆ డబ్బానే. ఊరంతా పడవెక్కుతుంటే దేవుడి బియ్యం వదిలి రానని సువార్తమ్మ వెనక్కి పరిగెత్తింది, చంకలో పిల్లతో దీనమ్మ ఆమె వెనకాల పరిగెత్తింది, డబ్బా నెత్తినెత్తుకుని వచ్చేసరికి పడవ వెళ్ళిపోయింది. ఏసోబు అప్పుడు గట్టు తెగకుండా బస్తాలు వేసే పనిలో అవతల ఉన్నాడు. అత్త, కోడలు, పిల్ల, దేవుడి డబ్బా, నలుగురూ పంపు షెడ్డు మీద మూడు రోజులున్నారు. రెండో రోజుకి ముసలిదానికి ఒళ్ళు తెలియని జ్వరం. పిల్ల ఏడుపు మానేసింది. ఆకలైన పిల్ల ఏడవకపోతే తల్లికి ఎలా ఉంటుందో దీనమ్మ ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేకపోయింది. డబ్బా మూతలో వాన నీళ్ళు పట్టి, దేవుడి బియ్యం నానబెట్టి, పిడికిలితో మెత్తగా నలిపి ముందు పిల్లకి, తర్వాత అత్తకి పెట్టింది. తను కూడా తిన్నది. ఎక్కడివే అని అత్త కళ్ళు మూసుకునే అడిగితే, చిన్న దోనె వచ్చిందత్తా, ముగ్గురం పట్టం, నానేసిన అటుకులిచ్చి మళ్ళీ వస్తామని వెళ్ళారు అని చెప్పేసింది. జ్వరంలో ఉన్న మనిషికి దేవుడి బియ్యం తినిపించానంటే గొంతు దిగుతుందా?

పడవ నాలుగో రోజు వచ్చింది. ఇంటికి చేరాక ముసలిది లేవక ముందే డబ్బాలో ఖాళీ కనబడకుండా, వరద వాకిట్లో మేట వేసిన ఇసుక అడుగున పోసి, పైన తన ఇంటి బియ్యం పరిచింది. కూలికి వెళ్ళి కొద్దికొద్దిగా మళ్ళీ నింపేద్దామనుకుంది. నిజంగానే అనుకుంది. కానీ రెండో ఆదివారమే చర్చిలో కృతజ్ఞతా కూడిక పెట్టేశారు.

"చూస్తా ఉన్నావేంటి, ఏరు" అంటుంది సువార్తమ్మ చేట ముందుకి తోసి. "కళ్ళు సరిగా ఆనట్లేదు నాకు."

దీనమ్మ ఏరడం మొదలుపెడుతుంది. ఒక రాయి తీస్తే రెండు కనబడుతున్నాయి, రెండూ తీస్తే చేటలో సగం ఇసుకే ఉంది, వేళ్ళతో పక్కకి నెడుతుంటే ఇసుక చేట అంచు దాటి, ఒడి దాటి, జారుతూ జారుతూ నేల మీద పడుతోంది, ఆ నేల ఇప్పుడు చర్చి నేల, ఎదురుగా వరసలు వరసలుగా జనం కూర్చుని ఉన్నారు, మొహాలు ఆనడం లేదు గానీ ఎవరు ఏ చాప మీద కూర్చునేవారో ఆ చాపల్ని బట్టి తెలిసిపోతోంది. ముందు వరసలో సంఘ పెద్ద జకరయ్య గెడ్డం కింద కర్ర ఆనించుకుని కూర్చున్నాడు. సువార్తమ్మ వాళ్ళ ముందు నిలబడి సాక్ష్యం చెబుతోంది. వాళ్ళ సంఘంలో ఒక పద్ధతుంది. దేవుడు చేసిన మేలు ఒక్కొక్కటే నిలబడి చెబితే, మేలు మేలుకీ జనమంతా ఒక్క గొంతుతో, ఆయన కనికరం ఆగలేదు, అనాలి. చుట్టూ నీళ్ళున్నా మా కాళ్ళ కింద పలక ఉంచాడు అంటుంది సువార్తమ్మ. ఆయన కనికరం ఆగలేదు అంటారు జనం. ఒళ్ళు కాలిపోతుంటే వాన పంపాడు. ఆయన కనికరం ఆగలేదు. ఆకలికి చచ్చిపోతుంటే దోనె పంపి అటుకులు పెట్టాడు, అయినా తన బియ్యం తనకి భద్రంగా అప్పగించమన్నాడు, ఇదిగో అంటూ ముసలిది మురిసిపోతూ డబ్బా ఎత్తి గంపలో ఒంపుతోంది.

మొదట బియ్యం పడతాయి. తర్వాత ఇసుక.

నిజంగా జరిగిన రోజున ఇసుక ఒక్క క్షణంలో అయిపోయింది. ఇక్కడ అయిపోవడం లేదు. పడుతూనే ఉంది, గంప నిండింది, చాపలు మునిగాయి, జనం నడుముల దాకా ఇసుకలో కూర్చుని ఏమీ అనకుండా చూస్తున్నారు. అనాల్సిన మాట ఎవరూ అనరు. ఆ రోజు సువార్తమ్మ ఇసుక వంక చూసింది, తర్వాత కోడలి వంక చూసింది, ఆ చూపులో కోపమేమీ లేదు, ఇంటికెళ్ళే దారి మర్చిపోయిన మనిషిలా ఒక్కసారి చూసి, జకరయ్య వైపు తిరిగి, ఆ బియ్యం నేనే తిన్నానయ్యా అంది. దీనమ్మ నోరు పెగల్లేదు. జకరయ్య లేచి ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుని వేరే ఆవిడకి ఇచ్చాడు. తర్వాత పన్నెండేళ్ళు బతికింది ముసలిది. ఒకే పొయ్యి దగ్గర, ఒకే మంచం మీద కూర్చుని తలలు చూసుకుంటూ పన్నెండేళ్ళు గడిపారు. అత్త ఒక్కనాడూ అడగలేదు. కోడలు ఒక్కనాడూ చెప్పలేదు.

"అత్తా, ఆ ఇసుక నేను పోశాను" అంటుంది దీనమ్మ. అనేసరికి ఏడుపొస్తుంది.

"ఎలకలు పోస్తాయేంటే ఇసుక?" అంటుంది సువార్తమ్మ.

"నీకు తెలుసా?"

"పంపు షెడ్డు మీదే తెలుసు. అటుకులు నాకు తెలీవా, బియ్యం తెలీవా? యాభై ఏళ్ళు తిన్న నోరే ఇది. దోనె అన్నావు గదా, పోన్లే, పిచ్చిది, దోనె అననీ అనుకున్నా. ఇసుక సంగతి మాత్రం తెలీదు. అది చూశాక గుండె ఆగినంత పనైంది."

"మరి నువ్వే తిన్నానని ఎందుకన్నావు?"

"తిన్లేదా ఏంటి? అబద్ధమాడమంటావా చర్చిలో?"

దీనమ్మ ఏడుస్తూనే ఉంటుంది. ఏడుస్తూనే చెప్పుకుంటుంది, ఆ ఇసుకకే ఈ వరద వచ్చిందని, దేవుడి బియ్యం తిని, దేవుడి డబ్బాలో ఇసుక పోసి, ఆ నిందని పెద్దదాని నెత్తిన పెట్టి ఊరుకున్నందుకే ఇప్పుడు తన మనిషిని లాక్కుంటున్నాడని. రెండు రోజులుగా ఒడ్డున నిలబడి ఆమె అనుకుంటున్నది అదే. పైకి ప్రార్థన చేస్తోంది గానీ, లోపల మాత్రం, నా తప్పుకి నన్ను తీసుకెళ్ళు, ఆయన్నెందుకు అని బేరమాడుతోంది.

"బావుంది" అంటుంది సువార్తమ్మ చేట చెరుగుతూ. "ఆ ఇసుకకే అయితే ఇరవయ్యారేళ్ళు ఎందుకు ఆగాడంట? లంకలో అందరి కొంపలూ ఎందుకు ముంచాడంట, వాళ్ళేం తిన్నారంట? నేను చెప్పిన సాక్ష్యంలో తప్పేం లేదే. దోనె ఒకటే రాలేదు. మనకి కూడు పెట్టింది మాత్రం ఆయనే. ఇంటింటా గుప్పెడు గుప్పెడు తీయించి, నా చేత మోయించి, ఆ రోజుకి అక్కడ ఉంచాడు."

చర్చి ఇప్పుడు లేదు. మళ్ళీ పలక, మళ్ళీ నీళ్ళు. పలక ముందుకన్నా చిన్నదయింది. నీళ్ళ మీద ఒక మట్టి బాట, ఎక్కడో మంచులోంచి వచ్చి పలక దగ్గర ఆగుతోంది, దీనమ్మ ఆ బాట వెంటే వచ్చినట్టుంది. సువార్తమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ మాటిమాటికీ అటే చూస్తోందని దీనమ్మ ఇప్పుడు గమనిస్తుంది. చూపు అటు పోతోంది, బియ్యం మీదికి వస్తోంది, మళ్ళీ అటు పోతోంది.

"అత్తా, ఆయన నీ దగ్గరికి వచ్చాడా?"

సువార్తమ్మ చేతులు మొదటిసారి ఆగుతాయి. కళ్ళద్దాలకి కట్టిన దారం సరిచేసుకుంటుంది. అంతదాకా వేళాకోళంగా ఉన్న మొహం కాస్తా ఉత్త ముసలి తల్లి మొహం అయిపోతుంది.

"రెండు రోజుల్నుంచి ఈ దారి వైపే చూస్తా కూర్చున్నానే. ఇందాక మంచులో ఎవరో వస్తన్నారనిపించి, వాడేనేమోనని నా కాళ్ళు చచ్చుబడిపోయాయి. నువ్వని తెలిశాక ఊపిరాడింది."

"అంటే రాలేదు గదా?"

"ఇప్పటిదాకా నేను చూళ్ళేదు. తర్వాత సంగతి నాకు చెప్పరు."

"అడగొచ్చు గదా దేవుణ్ణి. దగ్గరే ఉంటావు గదా."

"అడిగాను."

"ఏమన్నాడు?"

"బియ్యం ఏరుకోమన్నాడు."

దీనమ్మకి ఒళ్ళు మండుతుంది. ఇదా జవాబు అని నిలదీస్తుంది. హైస్కూల్లో పాస్టరుగారు ఇవాళ మధ్యాహ్నం కృతజ్ఞతా కూడిక పెట్టారని, అందరం క్షేమంగా చేరినందుకు దేవుణ్ణి స్తుతిద్దామన్నారని, అందరం అన్న మాట వినగానే తను చేట విసిరికొట్టి నేను రానని చెప్పేశానని, పొద్దున వంటాయన మీ ఇంట్లో ఎంతమందమ్మా అని అడిగితే మొన్నా నిన్నా ముగ్గురం అన్న నోటితోనే ఇవాళ ఇద్దరం అన్నానని, ఆ మాట అన్న దగ్గర్నుంచి తన నోరు తనకే చేదుగా ఉందని, అన్నీ ఏకరువు పెడుతుంది. ఆయన సంగతి తేలనీ, ఆయన గట్టెక్కి రానీ, అప్పుడు చెబుతాను స్తోత్రం, మోకాళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి చెబుతాను అంటుంది.

"అప్పుడూ చెప్పు, వద్దన్నానా" అంటుంది సువార్తమ్మ. పక్కన పడుకున్న పిల్ల తల నిమురుతుంది. పిల్ల నిద్దట్లో పెదాలు చప్పరిస్తుంది. "ఒక్క మాట చెప్పు. ఇక్కడ మనం కూర్చున్న రెండో రోజున, పడవొస్తదని నీకు ఎవరన్నా చెప్పారా?"

"లేదు."

"నాకు జ్వరం. దీనికి మాట లేదు. చుట్టూ గోదారి. ముగ్గురం పోతామనే అనుకున్నావు గదా?"

"అనుకున్నాను."

"మరి చచ్చేవాళ్ళకి బియ్యం ఎందుకు నానబెట్టావే?"

దీనమ్మకి ఆలోచిస్తుంటే వేళ్ళ మధ్య నానిన బియ్యం మెత్తదనం తెలుస్తోంది, వాన నీళ్ళ చల్లదనం తెలుస్తోంది, పిల్ల నోట్లో పెడితే ముందు మింగక, తర్వాత గుటక వేసిన చప్పుడు ఇప్పుడే విన్నట్టు వినపడుతోంది. ఇరవయ్యారేళ్ళుగా ఆ పనిని దొంగతనం అనే అనుకుంది తను.

"నా సాక్ష్యం సగంలో ఆగిపోయింది" అంటుంది సువార్తమ్మ. "మూడో మేలుకి జనం ఏమీ అనలేదు. అది నా చెవుల్లో అట్టాగే ఉండిపోయిందే. నా కోసం కూడా కాదు, నువ్వు దాన్ని పూర్తిచెయ్."

చేటలోంచి ఒక గుప్పెడు తీసి దీనమ్మ అరచేతిలో పోసి, వేళ్ళు ఒక్కొక్కటే మడిచి, పిడికిలి మూసి, పైన తన రెండు చేతులూ వేసి నొక్కుతుంది. ఆ చేతులకి చుట్ట వాసన. దీనమ్మకి ఆ చేతుల్ని పట్టుకుని ఉండిపోవాలని ఉంది, క్షమించత్తా అనాలని ఉంది, అంటోంది కూడా, కానీ నీళ్ళు పలక మీదికి వచ్చేశాయి, ఇప్పుడు కుచ్చిళ్ళు తడుస్తున్నాయి, చల్లగా, నిజంగా తడుస్తున్నాయి, పిల్ల లేదు, డబ్బా లేదు, సువార్తమ్మ దూరం జరిగిపోయింది, జరిగిపోయి మళ్ళీ ఆ బాట వైపే చూస్తోంది.

"అటు చూడకత్తా" అని అరుస్తుంది దీనమ్మ. "నీ కాళ్ళు పట్టుకుంటాను, అటు చూడకు."

సువార్తమ్మ ఆ మాట విన్నట్టే ఉంది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, అబ్బా అని మూలుగుతూ, చేటతో సహా నెమ్మదిగా ఇటు తిరుగుతుంది. బాటకి వీపు పెట్టి కూర్చుని, తల వంచుకుని, మళ్ళీ రాళ్ళేరడం మొదలుపెడుతుంది.

"అమ్మా, లే. కూర్చునే నిద్రపోతే మెడ పట్టేస్తది" అంటోంది సలోమి.

దీనమ్మ కళ్ళు తెరిచింది. హైస్కూలు వరండా. మిట్టమధ్యాహ్నం. స్తంభానికి ఆనుకుని, రాత్రి వంటకని ఇచ్చిన బియ్యం ఏరుతూ ఏరుతూ అలాగే కునుకు తీసింది. చూరు మీంచి పడుతున్న వాన నీళ్ళకి కుచ్చిళ్ళు తడిసిపోయి ఉన్నాయి. నాన్న సంగతి ఏమైనా తెలిసిందా అని ఆమె అడగలేదు, సలోమి మొహం చూస్తే తెలియలేదని తెలుస్తూనే ఉంది. లేవబోతూ చెయ్యి నేలకి ఆనించబోతే చెయ్యి విచ్చుకోలేదు. కుడి పిడికిలి బిగుసుకుపోయి ఉంది. దాని నిండా బియ్యం.

తెరవకుండానే లేచింది. తరగతి గదిలో కూడిక మొదలైంది. పాస్టరుగారు ఆమెను చూసి, కూర్చోమ్మా అన్నట్టు చెయ్యి ఊపారు. ఆమె కూర్చోలేదు. ముందుకెళ్ళి నిలబడింది. ముందు బెంచీ మీద జకరయ్య ఉన్నాడు, ఇప్పుడు ఎనభై దాటాయి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటే గానీ వినపడదు.

"వెనకటి వరదలో మా అత్త ఒక సాక్ష్యం చెప్పింది. మీలో పెద్దోళ్ళు విన్నారు. దోనె వచ్చిందన్నది నా అబద్ధం. డబ్బాలో ఇసుక పోసింది నేను, ఆవిడ కాదు. దేవుడి బియ్యం నానబెట్టి మా అత్తకీ, ఈ పిల్లకీ పెట్టాను. అవి తినే మేం బతికాం." జకరయ్యకి వినపడేటట్టు గొంతు పెంచింది. "ఆకలికి చచ్చిపోతుంటే ఆయన మాకు కూడు పెట్టాడు. ఆవిడ చెప్పింది అదే. మీరెవరూ ఏమీ అనలేదు."

ఎవరూ కదల్లేదు. వెనకటి నిశ్శబ్దమే మళ్ళీ వచ్చి కూర్చున్నట్టు అనిపించింది దీనమ్మకి. అప్పుడు జకరయ్య బెంచీ పట్టుకుని, కర్ర పట్టుకుని, ఎలాగో లేచి నిలబడ్డాడు. పెదాలు రెండు మూడుసార్లు కదిలాక మాట బయటికొచ్చింది.

"ఆయన కనికరం ఆగలేదు" అన్నాడు. "సువార్తా, నన్ను క్షమించవే తల్లీ" అని కూడా అన్నాడు, గదిలో ఆమె ఉన్నట్టే.

తర్వాత ఒకరూ, ఇద్దరూ, ఆ తర్వాత గదంతా అన్నది.

దీనమ్మ మేస్టారి బల్ల మీద ఉన్న ఖాళీ పళ్ళెంలో పిడికిలి విప్పింది. చెమటకి గింజలు అరచేతికి అంటుకుపోయి రాలడం లేదు. రెండో చేత్తో తుడిచింది. అన్నీ రాలాక అరచేతి మధ్యలో గింజల అచ్చులు మిగిలాయి, వాటి మధ్య ఒకే ఒక్క ఇసుక రేణువు మెరుస్తోంది. దాన్ని తుడిచెయ్యలేదు.

గుమ్మం దగ్గర వంటాయన కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రార్థన అయ్యేదాకా ఆగి, రాత్రి వంటకి ఇంటింటి లెక్కా అడుగుతున్నాడు. దీనమ్మ దగ్గరికి వచ్చేసరికి అడగలేక కాగితం వైపు చూశాడు. పొద్దున రాసిన అంకె ఉందిగా, అదే ఉంచేస్తానన్నట్టు తల ఊపబోయాడు.

"పొద్దున తప్పు చెప్పానండి" అంది దీనమ్మ. "మా ఇంట్లో ముగ్గురం. మూడు అని రాసుకోండి."